పాలగట్టు మీద పెళ్లిరాట

మా ఆడపడుచు పుష్పవతికి పెళ్లి కుదిరిన ఎండాకాలం మా ఇంట్లో అన్నీ సమృద్ధిగానే ఉన్నాయి. రెండే రెండు కరువయ్యాయి. ఒకటి బావిలో నీళ్లు, రెండోది పెళ్లిరాటకి ఒక కర్ర. మొదటిదాని గురించి నేను ఇల్లెక్కి అరిచినా ఎవరూ పట్టించుకోలేదు. రెండోది మాత్రం ఇంటిల్లిపాదికీ నోట మాట లేకుండా చేసింది.

అరవై నాలుగో సంవత్సరం అది. మా ఊరు రెడ్డిగూడెం దాటి లోపలికి పోతే వస్తుంది. ఊరికి ఉత్తరాన పాలగట్టు. పాలచెట్లు ఎక్కువని ఆ పేరు. ఎస్టేట్లన్నీ పోయినా ఆ గట్టు మాత్రం మా మామగారు లక్ష్మీనరసింహారావుగారి పట్టాలో మిగిలిపోయింది. గట్టు కింద పాత మామిడితోట, తోట కొసన బావి, బావి పక్కన మేము కొత్తగా పెట్టిన మామిడి అంట్లు.

మేము అంటున్నాను గానీ, పెట్టించింది నేను. గుడివాడ వైపు పిల్లని. కాలవ ఒడ్డున పుట్టి, నీళ్లంటే అడక్కుండానే వస్తాయనుకుంటూ పెరిగినదాన్ని. మెట్టకి కాపరానికి వచ్చాక గానీ చెంబు నీళ్ల విలువ తెలియలేదు. పాత తోట ముసలిదైపోయింది, కాపు ఏటికేడాది పలచబడుతోంది. నూజివీడు నుంచి చిన్నరసాల అంట్లు తెప్పించి, గుంటలు తీయించి, ఒక్కొక్క మొక్కకీ నా చేత్తో మట్టి ఎగదోశాను. మా ఆయన రామచంద్రరావు నెమ్మదస్తుడు. ఒకే ఒక మాట అన్నారు.

"ఈ వేసవి దాటి అంట్లు బతికితే మనం ఇక్కడుంటాం రత్నం. బతక్కపోతే తోట కౌలుకిచ్చేసి మైలవరం వెళ్లి మా మావయ్య మిల్లులో కూర్చుంటా. ఎండిన బావి చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు."

మిల్లులో పద్దులు చూసుకునే మనిషి కాదు ఆయన. అక్కడ ఆయన ఎలా అయిపోతారో నాకు ఊహకి అందేది. అందుకే ఆ వేసవంతా నా ప్రాణం ఆ అంట్ల మీదే ఉంది.

ఇక మా అత్తగారు బసవమ్మగారి ప్రాణమేమో గట్టు మీద దుప్పుల మీద ఉంది.

మా మామగారికి వేట పిచ్చి. హాల్లో గోడలనిండా కొమ్ములూ చర్మాలూ ఉండేవి. గట్టు మీది ఆఖరి చిరుతని కొట్టింది కూడా ఆయనే. దాని చర్మం మా పడకగది తలుపు పైనే వేలాడుతుండేది. నా పెళ్లయిన మరుసటేడు ఆయన పొరపాటున కడుపుతో ఉన్న దుప్పిని కొట్టారు. ఆ ఏడే పక్షవాతం వచ్చి పోయారు. ఆ రెంటికీ మా అత్తగారు ముడి పెట్టుకున్నారు. తుపాకీని భోషాణంలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, ఇక గట్టు మీద గుండు పేలకూడదని మొక్కుకున్నారు. గాలివానకి రాలిన కాయ ఒక్కటి కూడా ఇంట్లోకి రాకూడదు, పచ్చడికి కూడా. బండికెత్తి దుప్పుల కోసం గట్టు మొదట్లో పొయ్యాలి. ఎండాకాలం అవి తాగడానికి బావి పక్కనున్న రాతి తొట్టి పొద్దున్నే నింపాలి. మేకలు గట్టెక్కకూడదు, కట్టెల మోపు గట్టు దిగకూడదు.

పదేళ్లలో దుప్పులు మందలు మందలయ్యాయి. చుట్టాలొస్తే సాయంత్రం వాటిని చూపించడానికి బండి కట్టేవాళ్లం. గట్టు మీద చెట్ల కింద నేల ఊడ్చిన వాకిలిలా ఉండేది. అడివంటే ముళ్లూ పొదలూ కదా, ఇక్కడ చూడండి ఎంత శుభ్రంగా ఉందో, పుణ్యస్థలంలాగా అని అందరూ మెచ్చుకునేవారు. మేమూ మురిసిపోయేవాళ్లం.

*

పెళ్లి ఇంకో వారం ఉందనగా గాలివాన వచ్చింది. గాలి ఎక్కువ, వాన తక్కువ. ఆ కాస్త వానకే వాగు ఎర్రగా ఉరికి వచ్చి, అంట్ల మొదటి వరసలో రెండు మొక్కల్ని గులకరాళ్ల కింద పూడ్చేసి, మర్నాటికి ఎప్పుడూ నీళ్లు చూడనట్టు ఎండిపోయింది. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో అదే వాగు పుష్యమాసం దాకా సన్నగా పారుతూ ఉండేది. మేము అందులో కాళ్లు కడుక్కునేవాళ్లం.

పొద్దున్నే బావి దగ్గరికి వెళ్లేసరికి పోతురాజు మోట తోలుతున్నాడు. అతను మా తోట కాపలాదారు. ఒకప్పుడు మా మామగారి వెంట వేటకి వెళ్లి మృగాల్ని తోలినవాడు. మోట పైకొచ్చి బురద కక్కింది.

"నీళ్లేనా అవి పోతురాజూ?"

"అడుగు నీళ్లండి అమ్మగారూ. కాసేపు తేరితే పనికొత్తాయండి."

"తేరాక ఎటు పోతాయి?"

అతను తొట్టి వైపు చూసి, నా వైపు చూసి, ఎద్దు తోక సవరించడం మొదలెట్టాడు. రెండు కత్తుల మధ్య నిలబడ్డవాడు చేసే పనే అది.

ఇంతలో అత్తగారు తోటలోంచి నడిచి వచ్చారు. ఆవిడ వెనక రాలుగాయల బండి.

"తొట్టి నిండలేదేం?" అన్నారు.

"అత్తయ్యా, అంట్లు తలలు వాల్చేశాయండి. ఈ నాలుగు రోజులూ తొట్టి మానేసి ఆ నీళ్లు వాటికి పోయిస్తానండి."

"నోరులేని జీవాలమ్మాయ్. మనమైతే అడిగి తాగుతాం. అవి ఎవర్నడుగుతాయి?"

"చెట్లకీ నోరు లేదండి."

"నీ నోరు వాటిక్కూడా సరిపోతుందిలే," అన్నారు నవ్వుతూ. ఆవిడ నవ్వితే నాకు ఇంకా ఒళ్లు మండేది. కోపగించుకుంటే పోట్లాడొచ్చు, నవ్వితే ఏం చేస్తాం? ఆవిడ బావిలోకి తొంగి చూసి నవ్వు ఆపేశారు. "వాగు ఎందుకెండిపోయిందనుకుంటున్నావు? మేకల్ని తోలి, కట్టెలు కొట్టి, గట్టుని పీక్కుతిన్నారు. నేను ఆపబట్టి ఆ మాత్రమైనా నిలిచింది."

సరిగ్గా అప్పుడే పోతురాజు భార్య లక్ష్మి నెత్తిన చిన్న కట్టెలమోపుతో గట్టు దారిన వస్తూ మమ్మల్ని చూసి ఆగిపోయింది. పారిపోవడానికి చోటు లేదు.

"దించు," అన్నారు అత్తగారు.

"ఎండు పుల్లలండి పెద్దమ్మగారూ. పచ్చిది ముట్టుకోలేదండి."

"ఎండైనా పచ్చైనా గట్టుది గట్టుకే. పొయ్యిలోకి కావాలంటే తోటలో మామిడి మండలు ఏరుకో. ఎన్నిసార్లు చెప్పాలి?"

లక్ష్మి మోపు దించింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "పొద్దుటేల పోయి గట్టంతా తిరిగితే దొరికిన పుల్లలండి ఇయ్యి. అక్కడ ఏరుకోటానికి మాత్రం ఏవుందండి, నేల తప్ప," అంది.

ఆ మాట అందరికీ వినబడింది, ఎవరి బుర్రలోకీ ఎక్కలేదు. నేను అంట్ల ధ్యాసలో ఉన్నాను. అత్తగారు తొట్టి నిండేదాకా అక్కడే నిలబడి, అప్పుడు గానీ ఇంటికి వెళ్లలేదు. నాకు మిగిలింది అడుగు బురద. దాన్నే కుండల్లో తేర్చి, కావిడి మోయించి, మొక్కకింత అని పోయించుకున్నాను.

*

మా ఇంట్లో పెళ్లిరాటకి ఒక పద్ధతుంది. రాట పాలచెట్టుదై ఉండాలి, పాలగట్టు మీదిదే అయి ఉండాలి. పెద్ద చెట్టుకి కొట్టిన కొమ్మ పనికిరాదు. వేరు మీద నిలబడ్డ మొక్కే కావాలి. మణికట్టు లావుండి, చక్కగా నిలువుగా పెరిగి, తల మీద ఆకులు ఉండాలి. ఇంటి కోడలు దానికి పసుపు కుంకుమలు పెట్టాలి, కొడుకు గొడ్డలి వెయ్యాలి. అత్తగారు తన పెళ్లి నాటి రాట గురించి కూడా ఎప్పుడూ చెప్పేవారు. పెళ్లిపిల్లలాంటి చెట్టునే పెళ్లికి తేవాలని ఆవిడ అత్తగారు అనేవారట.

రాట ముహూర్తం రేపనగా పొద్దున్నే నేనూ, మా ఆయనా, పోతురాజూ గట్టెక్కాం. ఒక గంటలో దిగొచ్చేస్తామని పొయ్యి మీద పప్పు కూడా వేసి వచ్చాను.

"తమరి పెళ్లికి కొట్టింది ఇక్కడే బాబుగారండి," అని పోతురాజు గట్టు మొదట్లోనే ఒక చోట చూపించాడు. "అప్పుడు ఏది కొట్టాలో తెలీక తికమకపడ్డావండి, అన్ని ఉండేయి."

ఆ చోట పెద్ద పాలచెట్లు నిలబడి ఉన్నాయి, ఏనుగు కాళ్లంత మాన్లతో. వాటి కింద ఏమీ లేదు. ఇంకాస్త పైకి వెళ్దాం అన్నారు మా ఆయన. పైకి వెళ్లాం. అక్కడా పెద్ద చెట్లే. కుడివైపు వెళ్లాం, వాగు పుట్టే చోటుకి వెళ్లాం. మొదట్లో ఆయన, "మా చెల్లెలికి సరిపోయే రాట అంత తేలిగ్గా దొరుకుతుందా?" అని హాస్యమాడారు. కాసేపటికి హాస్యం ఆగిపోయింది.

వెతకడానికంటూ చూడటం అదే మొదటిసారి. అంతకుముందు చుట్టాలకి చూపించడానికి చూశాం. చెట్ల కింది కొమ్మలన్నీ ఎవరో కొలిచి కోసినట్టు ఒకే ఎత్తులో ఆగిపోయాయి. దుప్పి ముందుకాళ్లు ఎత్తి మెడ సాచితే అందేంత ఎత్తు అది. దానికి పైన పచ్చదనం, దానికింద ఆకన్నది లేదు. రాలిన ఎండుటాకు కూడా నేల మీద లేదు, అదీ తినేశాయి. గిట్టలు తొక్కి తొక్కి నేల కళ్లంలా బిగిసిపోయింది. వాలులో మట్టి కొట్టుకుపోయి మాన్ల వేళ్లు బయటపడి ఉన్నాయి. దుప్పులు ముట్టని తంగేడూ సీతాఫలమూ మాత్రం అక్కడక్కడ గుబురుగా ఉన్నాయి.

ఒకచోట సరైన లావున్న మొక్క కనబడి పోతురాజు పరుగెత్తాడు. దగ్గరికి వెళ్తే అది ఎండిపోయి ఉంది. మగ దుప్పులు కొమ్ములు రాసి రాసి చుట్టూ బెరడు ఒలిచేశాయి. ఇంకోచోట మోకాలెత్తు పొద ఒకటి, కొరికి కొరికి పాత చీపురుకట్టలా మిగిలింది. వంగి ఆకు తుంచితే పాలు వచ్చాయి. పాలచెట్టే అది. ఎన్నేళ్లుగా చిగుర్లు వెయ్యడం, కొరికించుకోవడం చేస్తోందో.

"అన్నీ ముసలివే ఉన్నాయేంటి?" అన్నారు మా ఆయన నెమ్మదిగా.

అప్పుడు నాకు అర్థమైంది. ఊళ్లో తాతలూ అమ్మమ్మలూ ఉండి, పెళ్లీడు వాళ్లు గానీ చంటిపిల్లలు గానీ ఒక్కరూ లేకపోతే ఎలా ఉంటుందో గట్టు అలా ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకి పచ్చగానే కనబడుతుంది. ఈ పెద్దవి ఒక్కొక్కటీ పడిపోతే వాటి వెనక వచ్చేది ఏదీ లేదు. వాగు ఎందుకు పారడంలేదో కూడా అక్కడే తెలిసింది. పడ్డ వాన ఇంకడానికి ఆ నేలకి నోరు లేదు.

దుప్పులు మా వెంటే వస్తున్నాయి. బండి వెనక రాలేదేమా అని వెతుక్కుంటున్నాయి. చుట్టాలకి దూరం నుంచి చూపించినప్పుడు ముచ్చటగా ఉండేవి. దగ్గరగా చూస్తే ప్రక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఒక పిల్ల తల్లి పొదుగులో మూతి పెట్టి, ఏమీ రాక, పోతురాజు గొడ్డలి పిడిని నాకింది. వాటిని తిట్టుకుంటూ వచ్చినదాన్ని, దాని మూతి నిమిరాను.

ఎండ నెత్తికెక్కింది. ఉత్తి చేతులతో దిగిపోదామనుకుంటుండగా మలుపు దగ్గర మా మామగారి సమాధి కనబడింది. ఆయన్ని అక్కడే దహనం చేశారు. పశువులు తొక్కకూడదని అత్తగారు చుట్టూ మనిషెత్తు రాతిగోడ పెట్టించి, గోడ మీద రేగుకంప వేయించి, తలుపుకి గొలుసు కట్టించారు. దీపం పెట్టడానికి గూడు గోడ బయటే ఉంది కాబట్టి ఆ తలుపు ఎవరూ తియ్యలేదు. గోడ పైనుంచి పచ్చటి కొసలు బయటికి తొంగిచూస్తున్నాయి.

పోతురాజు కంప పక్కకి తోసి, గోడ పట్టుకుని పైకెగబాకి లోపలికి చూశాడు.

"ఏముంది?" అన్నారు మా ఆయన.

"అడివుందండి బాబుగారూ," అన్నాడు.

గొలుసు తుప్పు పట్టింది. గొడ్డలి మడమతో కొడితే ఊడిపోయింది. లోపల కాలు పెట్టడానికి చోటు లేదు. పాలమొక్కలు వేలెడంతవీ, నడుమంతవీ, నన్ను దాటినవీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. వాటికి గురివింద తీగలు పాకాయి. కింద పండాకు, దానికింద మరింత పండాకు. పాదం పెడితే చీలమండ దాకా మెత్తగా దిగింది. నడి వేసవిలో ఆ మట్టి చల్లగా ఉంది. గోడకి బయట అంతా ఖాళీ చావిడి, లోపల అంతా సంసారం.

మా ఆయన గొడ్డలి పట్టుకుని నిలబడిపోయారు. "నాన్నగారి మీద గొడ్డలి ఎలా వెయ్యను రత్నం?"

"కూతురి పెళ్లికి ఆయనే ఇస్తున్నారనుకోండి," అన్నాను. వంగి ఒక మొక్కకి పసుపు రాశాను.

*

రాట చూసి అత్తగారు చాలా సంతోషించారు. చేత్తో నిమిరి, "ఎంత చక్కగా ఉంది. ఎక్కడ కొట్టారు?" అన్నారు.

మా ఆయన కాళ్లు కడుక్కునే వంక పెట్టుకుని దొడ్లోకి వెళ్లిపోయారు. నేను చెప్పాను.

"మామగారి గోడ లోపలండి."

ఆవిడ చెయ్యి రాట మీద ఆగిపోయింది. "గట్టంతా ఉండగా అక్కడేం ఖర్మ?"

"గట్టంతా వెతికాం, ఎక్కడా లేవండి."

"వెతికే ఓపిక లేక చెప్పే మాట అది. పాలగట్టు మీద పాలమొక్క లేకపోవడమేంటి?" అని లోపలికి వెళ్లిపోయారు. నేనూ రెట్టించలేదు. పెళ్లివారింట్లో పోట్లాట ఎందుకని కాదు. నేను దుప్పుల ఎముకలు చూసి వచ్చాను, నాకు పోట్లాడే ఓపిక పోయింది.

మర్నాడు ముహూర్తానికి రాట పాతాం. నవధాన్యాల మూట కట్టి, మామిడాకులు చుట్టి, పసుపు నీళ్లు పోశాం. పందిరి కింద పచ్చటి తలతో అది నిజంగానే పెళ్లికూతురిలా ఉంది.

ఆ మర్నాడు తెల్లవారి నేను కళ్లాపి చల్లుతున్నాను. అత్తగారు అరుగు మీద కూర్చుని విస్తళ్లు సర్దుతున్నారు. తోట వైపు నుంచి ఒక ఆడ దుప్పి వచ్చింది. బండి ఆ రెండు రోజులూ పెళ్లి పనుల్లో ఉండి గట్టుకి పోలేదు. దుప్పి బెదరకుండా వాకిట్లోకి వచ్చి, రాట ముందు నిలబడి, ముందుకాళ్లెత్తి మెడ సాచి తల మీది ఆకులు తినడం మొదలెట్టింది. నేను చెంబు పట్టుకుని అలాగే చూస్తున్నాను, అత్తగారూ చూస్తున్నారు. ఆకులు అయిపోయాయి. మామిడాకుల తోరణం లాగి తిన్నది. నవధాన్యాల మూట విప్పి తిన్నది. తర్వాత తల పక్కకి వంచి రాట బెరడుని పళ్లతో పైకి ఒలిచింది. పసుపు రాసిన బెరడు చీలికై వేలాడింది.

"హె," అన్నారు అత్తగారు.

అది ఆవిడ గొంతు గుర్తుపట్టి, ఆవిడ చేతిలో ఏముందోనని అరుగు దగ్గరికి వచ్చింది. ఆవిడ చీపురు తీసి దాని మూతి మీద కొట్టారు. ఒక్క దెబ్బే. అది అర్థంకానట్టు చూసి, మెల్లిగా తోటలోకి వెళ్లిపోయింది.

ఆవిడ చీపురు కింద పెట్టలేదు. చాలాసేపు బోడి రాట వైపే చూసి, "పోతురాజుని పిలు. దీని చుట్టూ ముళ్లకంప కట్టమను," అన్నారు.

పెళ్లికి వచ్చినవాళ్లు రాటకి కంచె చూసి నవ్వారు. మగపెళ్లివారిలో ఒకాయన, "ఏంటండీ, మీ రాటని ఎవరైనా ఎత్తుకుపోతారనా?" అన్నాడు. అత్తగారు కూడా నవ్వారు. పుష్పవతి మాత్రం నా చెవిలో, "వదినా, అమ్మ దుప్పిని కొట్టిందట కదా, నిజమేనా?" అని అడిగింది. పెళ్లి పీటల మీద కూర్చునేముందు ఆ పిల్లకి వచ్చిన సందేహం అది. మా ఇంట్లో అది అంత పెద్ద వార్త.

*

పుష్పవతిని అత్తవారింటికి పంపించిన మర్నాడు ఆవిడ నా గదిలోకి వచ్చారు.

"అమ్మాయ్, నన్ను గట్టు మీదికి తీసుకెళ్తావా?"

కొడుకుని అడగలేదు, నన్నడిగారు. బండి గట్టు మొదటి దాకా, అక్కడినుంచి నా భుజం పట్టుకుని నడక. మోకాలెత్తు చీపురుకట్ట లాంటి పొద దగ్గర ఆగి, ఆకు తుంచి, వేలికంటిన పాలు చూసుకున్నారు.

గోడ లోపలికి వెళ్లి చాలాసేపు కూర్చున్నారు. మొక్కల మధ్య తెల్ల చీర తప్ప ఏమీ కనబడలేదు. బయటికి వస్తూ, గూట్లో దీపానికి తెచ్చిన చెంబు నీళ్లలో కొన్ని లోపల మొక్కల మొదట్లో పోశారు. అవి పడ్డ చోటే ఇంకిపోయాయి. మిగిలినవాటితో గోడ బయట చేతులు కడుక్కున్నారు. ఆ నీళ్లు ఒక్క చుక్క ఇంకకుండా దుమ్ముని నెత్తినేసుకుని వాలులో పాక్కుంటూ పోయాయి. అవి ఆగేదాకా ఇద్దరం వాటినే చూశాం.

"ఆయన ఆఖరి చిరుతని కొట్టిన రోజు ఊళ్లో బాజాలు మోగాయి," అన్నారు. "నేనే ఎదురెళ్లి హారతిచ్చాను. అది చేసే పని ఇక ఎవరు చేస్తారని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు."

ఆవిడ చీర అంచుకి అంటుకున్న పండాకు దులిపాను.

"వాటిని సాకాననుకున్నాను అమ్మాయ్."

"సాకారండి."

"గట్టుని పెట్టి సాకాను. ఇప్పుడు గట్టూ లేదు, వాటి ఒంట్లో మాంసమూ లేదు. లక్ష్మి నెత్తి మీది పుల్లలు దింపించాను చూడూ..." అని ఆగిపోయి, కొంగుతో కళ్లొత్తుకున్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పన్నెండేళ్ల కాపరంలో నేనై ఆవిడ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఆ సాయంత్రం బొడ్లోంచి తాళంచెవి తీసి కొడుకు ముందు పెట్టారు. మా ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"అమ్మా, నీ మొక్కు?"

"మొక్కింది నేను. తప్పుతున్నదీ నేనే. దాని ఫలం ఏదైనా ఉంటే నాకే వస్తుంది. నువ్వు తుపాకీ తుడుచుకో. కడుపుతో ఉన్నదాన్ని ముట్టుకోకు. బాధపెట్టి చంపకు. రేపట్నుంచి బండి వెళ్లదు, తొట్టి నిండదు."

లక్ష్మికి కబురు పంపి, తోటి ఆడవాళ్లని పిలుచుకొచ్చి గట్టు మీద అక్కడక్కడ ముళ్లకంపతో మడులు కట్టమన్నారు. లక్ష్మి అన్నీ విని, "ఇప్పుడు గట్టెక్కచ్చా అండి?" అంది. మెత్తగానే అంది. అత్తగారు తల దించుకుని, "ఎక్కచ్చు," అన్నారు.

*

మొదటి గుండు పేలినప్పుడు నేను బావి దగ్గర ఉన్నాను. తొట్టికి పోయే నీళ్లు ఇప్పుడు నావే. కావాలని ఆ వేసవంతా దెబ్బలాడినవి. గిలకమీంచి చేద దించుతుంటే గట్టు మీంచి చప్పుడు వచ్చి, తోటలో కాకులన్నీ ఒక్కసారి లేచాయి. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. చేద సగంలోనే ఆపి బావి ఒర పక్కన కూర్చుండిపోయాను.

తోటలోంచి అత్తగారు వస్తున్నారు. భుజం మీద పొడిచీర ఉంది. వచ్చి బావి పక్క స్నానపు బండ మీద కూర్చుని, జుట్టు విప్పుకున్నారు.

"తలమీద నీళ్లు పొయ్యమ్మాయ్."

"ఇక్కడేంటండీ, ఇంటికి వెళ్దాం పదండి, కాచి పోస్తాను."

"ఇంట్లో మనిషి పోతే తలకి పోసుకోమూ?" అన్నారు. "వేడినీళ్లు ఎవరు పోసుకుంటారు దానికి?"

నేను చేద తోడి పోశాను. చేద తర్వాత చేద. ఆవిడ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నారు. పొడిచీర కట్టుకుని బయల్దేరబోతుండగా గట్టు మీద మళ్లీ పేలింది. ఆవిడ మళ్లీ బండ మీద కూర్చున్నారు. నేను మళ్లీ చేద దించాను. అడుగు తగిలి చేద బోలుగా మోగింది. ఆ వేసవిలో చెంబెడు ఒలికితే ఎవరినైనా నిలదీసినదాన్ని. ఆ రోజు ఆ అడుగు నీళ్లు కూడా తోడి పోశాను.

ఆ వేసవి చివరిదాకా, మళ్లీ వచ్చే ఏడూ, ఆ పై ఏడూ అలాగే జరిగింది. గట్టు మీద గుండు పేలితే నేను చేద దించేదాన్ని. వేటమాంసం పోతురాజు వాళ్ల గూడెంలో పంచేవారు. మా ఆయన తను మాంసం ముట్టడమే మానేశారు, చిరుత చర్మం మా తలుపు మీంచి తీసేశారు. మైలవరం మాట మళ్లీ ఎత్తలేదు. ముళ్ల మడుల్లో పాలమొక్కలు లేచాయి. కొన్నింటిని దుప్పులు కంప తోసుకుని వెళ్లి తినేశాయి, కొన్ని నిలిచాయి. వాగు కార్తీకమాసం దాకా పారడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. అది చూడటానికి అత్తగారు లేరు.

అంట్లలో సగం ఆ వేసవిలోనే పోయాయి. స్నానపు బండ మీది నీళ్లు వృథా పోకుండా ఎప్పుడో నేనే సన్నటి కాలవ తీసి చివరి వరసకి మళ్లించాను. ఆవిడ తలమీంచి జారిన నీళ్లన్నీ ఆ వరసకే పోయాయి. ఆ వరసలో ఒక్క మొక్క కూడా చావలేదు. కాపుకొచ్చాక తోట మొత్తానికి అవే ముందు పండేవి.

ఆ వరస కాయ మా అత్తగారు బతికినన్నాళ్లు నోట పెట్టలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నేను మాత్రం తినేదాన్ని. ఏటా మొదటి పండు కోసి, ఈసారైనా పుల్లగా ఉంటుందేమోనని చూసేదాన్ని. ఎప్పుడూ తియ్యగానే ఉండేది.